సగమే తెలుసనే మనిషి

మా హోటలు తలుపు మీద ఎవరో కాగితం అంటించి పోయారు. పొద్దున్నే పొయ్యి రాజేయడానికి వచ్చిన నాకు ముందు ఒళ్ళు మండింది. మైదా జిగురు గోకితే తలుపు రంగంతా లేచొస్తుంది. అట్లకాడ తెచ్చి గోకబోతూ ఫొటో చూశాను. నల్లగా అచ్చయింది. కళ్ళజోడు తప్ప ఏమీ తెలియడం లేదు. అయినా పోల్చుకున్నాను. కింద అక్షరాలు కూడబలుక్కున్నాను. ప్రముఖ నాటక రచయిత, నవలాకారుడు, చలనచిత్ర దర్శకుడు. ఆ కింద సంతాపసభ.

'ప్రముఖ' దగ్గర ఆగిపోయాను. ఆ మాట ఎప్పటినుంచి? బతికున్నన్నాళ్ళూ రాయగడలో ఆయన్ని నాటకాలబాబు అన్నవాళ్ళే గాని ప్రముఖ అన్నవాళ్ళు లేరు. చచ్చిపోయినవాడికి బిరుదిస్తే ఎవరికీ ఖర్చు లేదు.

ఆయన పేరు నేను ఇక్కడ రాయను. నా పెనిమిటి కథని ఆయన నాటకంలో వాడుకున్నాడు, నవలలో వాడుకున్నాడు, సినిమాలోనూ వాడుకున్నాడు. వాడుకున్నప్పుడల్లా పేరు మార్చేశాడు. నేను మార్చే శ్రమ కూడా పడను, అసలు మానేస్తున్నాను. చెల్లుకు చెల్లు.

మాది స్టేషను రోడ్డులో ఇడ్లీ హోటలు. హోటలంటే నాలుగు బెంచీలు, ఒక రేకు. మా ఆయన బతికున్నప్పుడు హోటలు లేదు. ఆయన సావుకారి గోదాములో కళాసీ. సావుకారుది విజయనగరం వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. కొండ చింతపండు, పసుపు, అల్లం సంతల్లో కొని రైలుకి ఎక్కించే వ్యాపారం. బస్తాల మూతులు దబ్బనంతో కుట్టడం మా ఆయన పని. ఒకనాడు గోదాములో ఒక చింతపండు బస్తా తక్కువైంది. సావుకారు పోలీసుల దగ్గరికి పోలేదు, అరవలేదు. పనివాళ్ళందరి ముందూ మా ఆయన్ని పిలిచి, "రేపటినుంచి రావద్దు" అన్నాడు. అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ అర్థమైపోయింది. ఆ వానాకాలంలోనే మా ఆయన మలేరియాతో పోయాడు.

తీశాడా, తీయలేదా అని నేను ఆయన్ని అడగలేదు. మొగుణ్ణి ఆ మాట అడగడమంటే తీశావని అనడమే. తీయలేదని ఆయనా చెప్పలేదు. అడగకుండా చెప్పుకునే మనిషి కాడు. గోడ మాట్లాడితే ఆయన మాట్లాడాలి, అలాంటి మనిషి.

తరవాత నేను హోటలు పెట్టుకున్నాను. సాంబారు రుచిగా కుదిరిందంటే చాలు, బెంచీల మీదినుంచి ఎవడో ఒకడు అక్కని పిలిచినట్టు అప్పా అని ఎత్తుకునేవాడు.

"సాంబార్లో పులుపు బాగా పట్టించేవప్పా! మీ ఇంట్లో సింతపండుకి లోటేటిలే!"

పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. గరిట విసిరేస్తే ఇడ్లీలు తినేదెవరు? ఊరుకున్నాను. ఊరుకుని, సాంబార్లో చింతపండు వెయ్యడం మానేశాను. మామిడి ఒరుగులు వేసేదాన్ని, టమాటాలు వేసేదాన్ని. చింతపండు కొండల మీదినుంచి బళ్ళమీద దిగే ఊళ్ళో చింతపండు లేని సాంబారు అమ్మినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అలాంటి రోజుల్లో నాటకాలబాబు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

సావుకారి మేనల్లుడు. బస్తా పోయిన కాలంలో కాలేజీ చదువు చదువుకుంటూ మావయ్య ఇంట్లోనే ఉండేవాడట. తరవాత విశాఖపట్నం వెళ్ళి నాటకాలు నేర్చుకుని తిరిగొచ్చాడు. కొట్లో కూర్చోకుండా నాటకాలు రాస్తున్నాడని వాళ్ళ ఇంట్లో గొడవ. అది నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను: సావుకారింటి మనిషికి నా హోటల్లో ఏం పని? వాళ్ళ వీధిలో టీ లేదా?

టీ ఇస్తే తాగేవాడు కాడు. బెంచీ మీద పెట్టుకుని, మీగడ కట్టేదాకా చూసేవాడు. కట్టాక వేలితో తీసి బెంచీ కింద రాసేవాడు. అంత చదువుకున్నవాడు! రోజూ వాడు పోయాక బెంచీ తిరగేసి గోకడం నాకు పని. తిట్టుకుంటూ గోకేదాన్ని.

కాగితం గాని కలం గాని తీసేవాడు కాదు. రాసుకునేవాణ్ణయితే పసిగట్టవచ్చు, వీడు వినడమే. నచ్చిన మాట ఎవరైనా అంటే, విననట్టు "ఏటన్నావు?" అని మళ్ళీ అనిపించుకునేవాడు. ఇంకో గుణం ఉంది. ఒక ప్రశ్న ఇవాళ అడిగి, కొన్ని నెలలు పోనిచ్చి, కొంచెం తిప్పి మళ్ళీ అడిగేవాడు.

"అప్పా, మీ మావని పనిలోంచి తీసేసిననాడు వాన పడతందన్నావు కదా?"

"ఎప్పుడన్నాను? ఎండ కాస్తందన్నాను."

"అన్నావా? సరేలే. నాకు సగమే తెలుసు."

నాకు సగమే తెలుసు. అది ఆయన ఊతపదం. ఇది పోలీసుల పద్ధతి కాదూ? సావుకారే పంపించి ఉంటాడు, నా నోట ఏదైనా జారుతుందేమో అని, అనుకున్నాను. లేదంటే కథలు ఏరుకునే రకం. రెండిట్లో ఏదైనా నాకు మంచిది కాదు.

అందుకని ఒక అబద్ధం ఎర వేశాను. ఒకరోజు అట్లు పోస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, "మా మావ బస్తాలు కుడతా ఈలేసేవోడు బావూ. ఎంత సక్కగా ఏసేవోడనుకున్నావు!" అన్నాను. మా ఆయన జన్మలో ఈల వెయ్యలేదు. ఈ మాట ఇంకెవరితోనూ అనలేదు. ఎక్కడ తేలుతుందో చూద్దామని కాచుకున్నాను.

"ఏటన్నావు?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. టీ మీద మీగడ తీయడం మర్చిపోయాడు.

ఆ ఏడాది తెలుగువాళ్ళ సంఘం హాల్లో నాటకాల పోటీలు. ఆయన నాటకం కూడా ఉందని తెలిసి హోటలు మూసి వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్నాను. తెర లేచింది. గోనె బస్తాలు. ఒకడు దబ్బనం పట్టుకుని కుడుతున్నాడు. కుడుతూ ఈల వేస్తున్నాడు! జనం చప్పట్లు.

నాకు ఒళ్ళు తెలియలేదు. లేచి నిలబడ్డాను.

"అబద్దం! ఆడు మా మావ కాడు! మా మావ ఈలెయ్యడు!"

"ఓలమ్మో, ఎవులే అది? కూకోయే!" అని వెనకనుంచి అరుపులు. "నాటకంలో నాటకవా?" అని ఒకడు. ఆ నటుడు పాపం ఈల ఆపి, నన్ను చూసి, మళ్ళీ వెయ్యాలో వద్దో తెలియక దబ్బనంతో వేలు పొడుచుకున్నాడు. నేను కూర్చోలేదు. హాలు దాటి వచ్చేశాను. అందుకే ఆ నాటకం చివర ఏమైందో నేను చూడలేదు. కళాసీని వెళ్ళగొట్టాక దీపాలు ఆరిపోతాయని, దొంగో కాదో తేల్చడని తరవాత విన్నాను. దానికి కప్పు ఇచ్చారట.

మర్నాడు ఆయన వచ్చాడు. రాడనుకున్నాను.

"ఏటి బావూ, మా ఇంటి మాటలు ఊళ్ళో అమ్ముకుని కప్పులు తెచ్చుకుంతన్నావా?"

"నువ్వే కదప్పా ఈలేసేవోడని సెప్పేవు!"

"నువ్వెక్కడికి ఎత్తుకుపోతావో సూద్దారని సెప్పేను. దొరికిపోనావు."

కోపం వస్తుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. "ఇన్నాళ్ళూ నేను నిన్ను అనుమానంగా సూస్తన్నాననుకున్నాను. నువ్వు నాకంటే ముందే మొదలెట్టేవు" అన్నాడు. మెచ్చుకున్నాడో ఎగతాళి చేశాడో నాకు తెలియలేదు. ఆ పూట ఆయనకు టీ ఇవ్వలేదు.

కొన్నేళ్ళకి నవల వచ్చింది. దానిలోనూ కళాసీ ఉన్నాడని, బస్తా ఉందని అన్నారు. ఒక పుస్తకం ఆయనే తెచ్చి బల్ల మీద పెట్టిపోయాడు. చదవడం నాకు రాదని తెలుసు. తెలిసీ పెట్టాడంటే? చూడు, నీకేం చేతనవుతుంది అన్నట్టు కాదూ?

హోటలుకి వచ్చేవాళ్ళచేత చదివించుకున్నాను. కాలేజీ పిల్ల చదివితే కళాసీ దొంగలాగే వినిపించాడు. స్టేషను గుమస్తా చదివితే కళాసీ దేవుడిలాగ వినిపించాడు. గుమస్తా పేజీలు దాటేస్తున్నాడని, నా మొహం చూసి మంచి మాటలు కల్పిస్తున్నాడని అనుమానం వచ్చింది. ఇంకెవరి నోరూ నమ్మదలుచుకోలేదు.

ఆ రోజుల్లో వయోజనులకి అక్షరాలు నేర్పుతామని వార్డుల్లో తిరుగుతున్నారు. వెళ్ళి కూర్చున్నాను. ఊరు ఒడిశాది కదా, ఒడియా అక్షరాలు గుండ్రంగా పలక మీద రాయించారు. "వీటితో ఆ పుస్తకం చదవొచ్చా?" అని పుస్తకం చూపించాను. అక్కడి అమ్మాయి అటూ ఇటూ తిప్పి నవ్వేసింది. నాకు ఒడియా మాట వచ్చు, బజారంతా అదే. కాని నేను వచ్చింది బస్సుల బోర్డులు చదవడానికి కాదు. వచ్చేశాను.

తెలుగు బడిలో పాఠాలు చెప్పి మానేసిన ఒక పంతులమ్మ మా వీధిలో ఉండేది. పళ్ళు లేని మనిషి, మెత్తటి ఇడ్లీ అంటే ప్రాణం. ఆవిడ దగ్గర మొదలుపెట్టాను. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది.

"ఈ వయసులో ఎందుకే? రామాయణం సదూతావా?"

"కాదమ్మా. ఒకడి మీద అనుమానం."

"అనుమానంతో అక్షరాలు రావే!"

వచ్చాయి. జల్లించిన బియ్యప్పిండిలో, తడి బల్లమీద, రేకు మీద బొగ్గుతో రాశాను. ఒత్తులు ఏడిపించాయి. పుస్తకం మొదలుపెట్టాక రెండు వానాకాలాలు పట్టింది. పొద్దుటి రద్దీ తగ్గాక, పేపరుమిల్లు సైరను కూసేలోపల, రోజూ కొంత. గుమస్తా దాటేసిన పేజీలు ఏవో నాకు తెలిసిపోయాయి. సావుకారు అందరి ముందూ వెళ్ళగొట్టిన పేజీలు. పాపం, మంచికే దాటేశాడు.

ఈల కూడా ఉంది. కాని నాటకంలోలాగ కాదు. అతను ఈల వేసేవాడని భార్య చెప్పేదని, విన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరని రాశాడు. అది చదివి పుస్తకం మూసేశాను. నా అబద్ధాన్ని అబద్ధంగానే తీసుకెళ్ళి అచ్చేశాడు! నాకు తెలియకుండా పాత కళాసీలందరినీ అడిగొచ్చాడన్నమాట. నాకు సిగ్గూ కాలేదు, కోపమూ రాలేదు. వీణ్ణి ఇంకా జాగ్రత్తగా చూడాలనిపించింది.

పుస్తకం పూర్తయింది. బస్తా ఎవరు తీశారో అందులోనూ లేదు. ఆయన రాగానే అడిగేశాను.

"ఇంత లావు పుస్తకం రాసేవు. తీసేడో లేదో ఒక్క ముక్క రాయలేవా?"

"సదివేవా?" అన్నాడు. "నువ్వే సదివేవా?"

"అడిగినదానికి సెప్పు."

కళ్ళజోడు తీశాడు. "నువ్వు సెప్పు. మావ తీసేడా?"

"నానడగలేదు."

"నేనూ అడగలేదప్పా."

"ఎవుల్ని?"

"అడగాల్సినవోణ్ణి."

అంతే అన్నాడు. టీ మీద మీగడ తీసి, బెంచీ కింద రాయబోయి, నన్ను చూసి, జేబురుమాలుకి తుడుచుకున్నాడు. ఆ ఒక్కరోజే. మర్నాటినుంచి మళ్ళీ బెంచీకే.

తరవాత సినిమా పిచ్చి పట్టింది. అప్పటికి జుట్టు రాలిపోయింది, దగ్గు మొదలైంది. చిన్న కెమెరా, నలుగురు మనుషులు, ఒక పాత జీపు. కుందుర వైపు సంతలో తీస్తున్నాం, వచ్చి చూడమన్నాడు. నటించమని కూడా అడిగాడు. "ఉన్న పేరు సాలదేటి?" అన్నాను. చూడ్డానికి మాత్రం వెళ్ళాను. ఏం తీస్తున్నాడో కనిపెట్టాలి కదా.

ఆయన పని చేసే తీరు అప్పుడు చూశాను. బస్తాలో పొట్టు పోసి మోయించే రకం కాదు. నిండా చింతపండు పోయించాడు. నటుడు రెండడుగులు వేసి కూలబడితే, "ఇంకా బరువుగా మొయ్యి" అనడు, "నీ నడ్డి ఏం సెప్తందో అది వినరా" అంటాడు. ఆ దారిన డొరగుడ అల్యూమినా కార్ఖానాకి పోయే లారీలు మోత పెట్టేవి. మాటలు పాడైపోతున్నాయని కెమెరా కుర్రాడు మొత్తుకుంటే, "ఉండనీ. ఆ మోత మన ఊరిదే కదా" అన్నాడు. ఆ సినిమాలో మనుషులు మాట్లాడినట్టే మాట్లాడతారు. సగం తెలుగు, సగం ఒడియా, సంతలో కొండవాళ్ళ దేశియా. అందుకే తెలుగువాళ్ళు ఇది మాది కాదన్నారు, ఒడియావాళ్ళు మాదీ కాదన్నారు. ఏ టాకీసూ వేసుకోలేదు. చివరికి అదే సంఘం హాల్లో తెల్లగుడ్డ కట్టి వేశారు.

అదే ముందు వరసలో కూర్చున్నాను. పెద్ద సావుకారు అప్పటికి లేడు. ఆయన కొడుకు, అంటే నాటకాలబాబుకి బావమరిది, మగవాళ్ళ వైపు కూర్చున్నాడు.

సినిమాలో కళాసీ ఉన్నాడు. మాట్లాడడు, ఈల వెయ్యడు. అచ్చం మా ఆయనే. నాకు కళ్ళు మండాయి గాని అనుమానం పోలేదు, ఇదంతా ఎక్కడికి తెస్తాడో అని. సినిమా సగం దాటాక, సందెవేళ, సావుకారి మేనల్లుడు గోదాము తాళం తీశాడు. కాలేజీ కుర్రాడు, కళ్ళజోడు. చింతపండు బస్తా ఒకటి సైకిలు మీద వేసుకుని స్టేషను వైపు తోసుకుపోయాడు. అది అమ్మి మొదటి నాటకానికి తెరలు, దీపాలు అద్దెకు తెచ్చుకున్నాడు. సైకిలు తోస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాడు.

సావుకారి కొడుకు లేచి వెళ్ళిపోయాడు. నేను కూర్చునే ఉన్నాను. నా అబద్ధపు ఈల! మా ఆయన నోటినుంచి తీసి ఆ కుర్రాడి నోట్లో పెట్టాడు. ఎందుకు? ఇది కల్పనేనప్పా, నీకు మాత్రమే తెలిసేలాగ గుర్తు పెట్టాను అని చెప్పడానికా? నాకోసం దొంగతనం తన నెత్తిన వేసుకున్నాడా? లేక నిజంగానే...

బయట మెట్ల మీద పట్టుకున్నాను.

"బావూ. ఇది కతా, నిజవా?"

"సినిమా అప్పా."

"సినిమా అని నాకూ కనపడతంది. ఈలెందుకెట్టేవు?"

దగ్గాడు. "బావుంది కదా" అన్నాడు.

"నీకెంత తెలుసో అంతా సెప్పు."

"నాకు సగమే తెలుసు" అని మెట్లు దిగిపోయాడు. చెంప పగలగొట్టాలనిపించింది. నాటకాలు ఆడేవాడి మాట నమ్మడం ఎలా? వాడి వృత్తే అది. నిజం చెప్పినా నటించినట్టుంటుంది, నటించినా నిజంలాగుంటుంది.

ఊరు మాత్రం నమ్మేసింది. సాంబారు మీద హాస్యాలు ఆగిపోయాయి. "ఇంక సింతపండు ఏసుకోవచ్చప్పా" అని ఒకడు అన్నాడు కూడా. నేను వెయ్యలేదు. ఎవరో తెల్లగుడ్డ మీద బొమ్మ చూపిస్తే నేను వేస్తానా? ఒరుగులే వేశాను. ఆయన వస్తూనే ఉన్నాడు, మీగడ రాస్తూనే ఉన్నాడు. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. ఈమధ్య కొన్నాళ్ళు రాలేదు. తరవాత ఈ కాగితం.

సంతాపసభకి వెళ్ళాను. నాటకరంగానికి తీరని లోటు అన్నారు. ఆయన సినిమా వేసుకోని టాకీసాయన కూడా అన్నాడు. రెండు ముక్కలు మాట్లాడమని నన్నూ లేపబోయారు. లేవలేదు.

మర్నాడు పొద్దుట రద్దీ తగ్గాక సావుకారి కొడుకు మా హోటలుకి వచ్చాడు. వాళ్ళింటి యజమాని నా బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. సరిగ్గా వెనక బెంచీ మీదే కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"అప్పా, ఒక మాటడుగుతాను. ఏటీ అనుకోకు."

"అడుగు బావూ."

"మా బావ ఆ సినిమాలో ఇంటి పరువు తీసేసేడు. అది నిజవేటి? బస్తా తనే తీసేనని నీతో ఎప్పుడైనా సెప్పేడా? సెప్పుంటే సెప్పీ. మా నాన్న ఒక అమాయకుణ్ణి ఎల్లగొట్టేడా అని మాయమ్మ నిద్దరపోడం నేదు."

అవునంటే అయిపోతుంది. ఇన్నేళ్ళ మాట ఒక్క మాటతో పోతుంది. సావుకారింట్లోనే మా ఆయన మంచివాడని తేలిపోతుంది. ఆయన వచ్చి కాదనడు. అబద్ధం ఆడడం నాకు కొత్తా?

అట్లపెనం మీద నీళ్ళు చిలకరించాను.

"నానొకటడుగుతాను, ముందు నువ్వు సెప్పు. మీ బావ సిన్నప్పుడు ఈలేసేవోడా?"

తెల్లబోయి చూశాడు. "ఈలా? నీకెవులు సెప్పేరు? ఎప్పుడూ ఏసేవోడు. మా నాన్న సేతిలో తన్నులు కూడా తిన్నాడు, కొట్లో ఈలేస్తే లచ్చిమి లేచిపోద్దని. ఆ తన్నులతోనే మానేసేడు. ఏటప్పా, ఎందుకడుగుతున్నావు?"

ఆ ఈల నేనిచ్చింది కాదన్నమాట. అతని టీ మీద మీగడ కట్టడం చూస్తున్నాను.

"సెప్పప్పా. ఎవులు తీసేరు? మా బావా, మీ మావా?"

ఇద్దరూ పోయారు. ఒకడు అడగకపోతే చెప్పని మనిషి. ఇంకొకడు అడిగినా చెప్పని మనిషి. వాళ్ళలో ఒకణ్ణి నా నోటితో దొంగని చెయ్యమంటున్నాడు వీడు.

"బస్తా పోయింది మీ గోదాములో. మీ ఇంట్లోనే ఎతుక్కోండి" అన్నాను. "టీ సల్లారిపోతంది, తాగు."

తాగలేదు. లేచి వెళ్ళిపోయాడు. గ్లాసు తీసి, తలుపు దగ్గరికేసి, బజారుకి వెళ్ళాను. ఒక వీశెడు కొత్త చింతపండు తెచ్చి, గింజలు తీసి, రేపటి సాంబారుకి నానేశాను.